గీత

తెల్లారి ఐదున్నరకు హన్మకొండల
యాకలక్ష్మి మేడం సున్నం డబ్బాతో వంగి
కోర్టు నడుమ గీత కొడుతుంటది.
రాత్రి వాన కడిగిపోతే పొద్దుగాల మళ్ల.
"ఇద్దరు పోతరు. మూడోది గీత. యాదికుంచుకోండ్రి."

మొదటి వారం నేను
గీత ఎవరో కొత్త పిల్ల, పరకాల నుంచి వస్తదనుకున్న.
హాస్టల్ల నా పక్క మంచం ఖాళీగనే ఉండె.
ఎప్పుడొస్తదని అడిగితే
తబస్సుమ్ నవ్వీ నవ్వీ
తాగే నీళ్లు మీద పోసుకున్నది.

మా దాంట్ల పొడుగు పిల్లలు లేరు.
బుట్ట కింద నిలబడి కొట్లాడితే
ఖమ్మమోళ్లు మా నెత్తుల మీదికెళ్లే బంతి వేసి పోతరు.
అందుకే మేడం
కొత్తవాడ జంపఖానా మడిచినట్టు
కోర్టును సగానికి మడిచింది.
మాపటికి కోడిని పట్టే తీరు నేర్పింది:
ఉరికి పట్టొద్దు, గోడకు ఒత్తి పట్టాలె.
చేతులు పైకి. మోకాలికి మోకాలు.
"మీ ఇద్దరి నడుమ సందులకెళ్లి
నాకు కరెంటాఫీసు కనిపించొద్దు."

బంతి నడిమి గీత దాటేదాక ఆగాలె.
అన్నిట్ల అదే కష్టం, రానియ్యడం.
దా అక్కా దా అన్నట్టు
పక్కకు జరిగి తొవ్వ ఇస్తం.
ఆ పిల్ల దాటుతది.
ఇగ వెనకకు పోరాదు.
పక్క గీత ఒక గోడ, నడిమి గీత ఒక గోడ,
నేనొకటి, తబస్సుమ్ ఒకటి.
తలుపు లేని అర్ర.
ఐదు లెక్కపెట్టేంత సేపు ఉంటది, తర్వాత మేమే కూలగొడతం.

చూసేటోళ్లు మా ఇద్దరినే చూస్తరు.
వెనక ముగ్గురు నలుగురిని కాయాలె,
ఆ లెక్క ఎవరూ అడగరు.
మేమిద్దరం ఒకదాని మీదికి పోతే
ఎక్కడో ఒక పిల్ల చెయ్యెత్తి ఒంటరిగ నిలబడే ఉంటది.
ఆ ఖాళీని ఇస్లావత్ సరోజ మోసేది.
నర్సంపేట దిక్కు తండాల
జొన్నచేను మంచె మీద పెరిగిన పిల్ల.
పిట్ట లేవకముందే అది ఏ దిక్కు లేస్తదో తెలుసు.
బంతిని చూడకపోయేది, బంతి పట్టినామె భుజాన్ని చూసేది.

ఫైనల్ల జగిత్యాల కాలేజీ. ఏడో నంబరు, భూలక్ష్మి.
మూలకు వచ్చింది. మూసినం.
అంత దగ్గర నేను ఎవరినీ చూడలె:
పై పెదవి మీద చెమట,
ఎడమ బూటుకు సైకిల్ ట్యూబు కట్టు,
తనంతట తనే లెక్కపెట్టుకుంటున్న నోరు.
మూడు కాడ నన్ను చూసింది.
కోపం లేదు. బస్టాండు ఎటు అని అడిగినట్టు చూసింది.
నా చెయ్యి జానెడు దిగింది.

ఆ జానెడుల నుంచి బంతి పోయింది.
సరోజ అక్కడ ఉండె.
గెలిచినం.
పేపర్ల నా పేరు పడ్డది, ఒక అక్షరం తప్పుతోని.

నల్లా కాడ భూలక్ష్మి మొఖం కడుక్కుంట అన్నది:
"చెయ్యి దించినవ్ గదా?"
లేదన్న.
అబద్ధం ఆడినందుకేనేమో, మిగిలినవన్నీ చెప్పిన:
కోడి ముచ్చట, మోకాళ్ల ముచ్చట, కరెంటాఫీసు,
గీత కోసం నేను ఖాళీ మంచం మీద దుప్పటి పరిచిన సంగతి గూడ.
ఆమె నవ్వలె. తడి చేత్తో
తొడ మీద ఏందో గీసుకుంట విన్నది.

మరుసటేడు జగిత్యాల. వాళ్ల మైదానం.
బంతి నా చేతుల ఉన్నది.
ఏడో నంబరు పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది.
దాటిన.
దాటినంక తెలిసింది.
మడిమ కింద సున్నం మెత్తగ తగిలింది,
ఏడాది పాటు మా జట్టనుకున్న గీత
ఏం ఎరగనట్టు నా వెనక నిలబడ్డది.
వాళ్ల మోకాళ్ల నడుమ సందు లేదు.
ఒకటి.
రెండు.
దూరంగ ఎక్కడో సరోజ గొంతు,
నా పేరు, సరైన అక్షరాలతోని.