రెండు వేళ్ల సందు

అరకు నుంచి దిగొచ్చిన తెల్లబండి
మా షెడ్డు ముందు ఆగేసరికి
శృంగవరపుకోటకి ఇంకా తెల్లారలేదు.
బండి అనకూడదు, ఇల్లు.
లోపల మంచం, పొయ్యి, కిటికీకి పూల తెర,
ఓ మూల చలిపెట్టె.

దిగినావిడ హైమావతి గారు.
పశువుల డాక్టరుగా రిటైరై
ఒక్కర్తే దేశం తిరుగుతోందట.
ఒంటిమీద రెండు శాలువాలు,
చేతిలో గిన్నె, గిన్నెలో కరిగిన వెన్న.
"రాత్రి కొండమీద
బయట బకెట్లో నీళ్లు పలకలు కట్టాయి.
ఫ్రిజ్‌లో ఐసేమో నీరైపోయింది.
ఇదెక్కడి విడ్డూరమయ్యా?"

నాన్న నవ్వలేదు.
లెంక అసిరయ్య నవ్వాలంటే
ముందు నాలుగు స్క్రూలు విప్పాలి.

బండి పక్కగోడకి రెండు జల్లెడ కిటికీలు,
కింద ఒకటి, పైన ఒకటి.
కింది జల్లెడ వెనక
గోరంత నీలి మంట
ఉంటూ పోతూ.
గొంతుకు కూర్చుని చాలాసేపు చూశాడు.
"ఓలమ్మా!
సలి పుట్టించడానికి దీనికి నిప్పు కావాలేటి!
కొండగాలి తిన్నగా లోపలికి దూరిపోతంది.
ముందు దీనికే సలేత్తంది,
ఇంకెవులికి సల్లబెడతాది?"

అప్పుడు నవ్వాడు.

మూలనున్న పాత నూనె డబ్బా చీల్చాడు.
నేను లెక్కల పుస్తకంలో
లారీ తొట్టి రేకుల బాకీ కింద కొలతలు రాశాను:
పదిహేనున్నర, ఆరు.

"రెండూ మూసేయండి, చుక్క గాలి దూరకుండా."
"పైదాన్ని ముట్టనమ్మా."
"పోనీ కిందదైనా నిండుగా..."
నాన్న రెండు వేళ్లు చూపించాడు.
"ఇంత వొగ్గేత్తాను."
"డబ్బులిచ్చేది నేనే కదయ్యా!"
"అయితే డబ్బులొద్దు."

నాకు తల కొట్టేసినట్టయింది.
పొద్దున్నే మొదటి బేరం.

అంచులు మడుస్తూ, సుత్తి ఆపకుండా,
రేకుతో చెబుతున్నట్టు చెప్పాడు:
"మా తమ్ముడుండేవోడు, సూరప్పడని.
పుష్యమాసం. అనంతగిరి మలుపులో లారీ సెడిపోనాది.
కేబిన్లో కుంపటెట్టుకున్నారు, ముగ్గురు.
అద్దాలు బిగించీసి
తలుపు సందుల్లో గోనెలు కుక్కీసి తొంగున్నారు.
తెల్లారి తలుపు నానే తీసినాను."

సుత్తి దెబ్బ. ఇంకోటి.

"ఎచ్చగా ఉంది లోపల."

చిన్నాన్నకి జ్వరమొచ్చిందని
నాకు చెప్పిన జ్వరం అది.
ఫోటోలో మీసం రాని నవ్వుకి
ఇన్నేళ్లూ నేను దండ మార్చిన జ్వరం.

మా గది కిటికీ రెక్కకి అడ్డంగా ఓ ఇటుక ఉంటుంది.
చలికాలమొస్తే అమ్మ తీస్తుంది, నాన్న పెడతాడు.
తీస్తుంది, పెడతాడు.
గడియ కొనడానికి చెయ్యి రాక అనుకునేదాన్ని.
ఒకసారి అనేశాను కూడా.

హైమావతి గారు గిన్నె కిందపెట్టలేదు.
డాక్టరు కదా,
ఆ పొగకి పేరు తెలిసే ఉంటుంది.
చెప్పలేదు.
"రెండు వేళ్లే ఉంచండి" అంది.

మూత బిగించాడు.
డబ్బా మీది పొద్దుతిరుగుడు పువ్వు
లోపలివైపు పడింది,
మంటకేసి తిరిగి.
"మాఘం పోనాక మరిసిపోకండి, ఊడదీసీయండి.
నేపోతే దానికి ఉక్కబోస్తాది."

నూట యాభై ఇచ్చింది, తీసుకున్నాడు.
ఏమని రాయాలో తెలీక
'చలికి మూత, ఒకటి' అని రాసి
పక్కన 'నిండా కాదు' అని చేర్చాను.
బండి మళ్లీ కొండకేసే తిరిగింది.

ఆ రాత్రి అమ్మ ఇటుక తీసింది.
నాన్న దగ్గి, కదిలి, దుప్పటి తీసేలోగా
నేను లేచాను.
ఇటుక మంచులా ఉంది.
సందులోంచి గాలి తిన్నగా వచ్చి
పాదాల మీద పడింది.
కాళ్లు ముడుచుకున్నాను.