పదకొండు శాతం

గాలి మొదలైంది రాత్రి ఒంటిగంటకి.
ఒంటిగంటా పదికి కరెంటు పోయింది.
ప్రింటరులో ఒక లేబులు సగం దాకా వచ్చి
అక్కడే ఆగిపోయింది,
నాలుక బయటపెట్టి నిద్రపోయిన కుక్కలాగ.

పర్లాకిమిడిలో దీనికి రెండు పేర్లు.
ఇంట్లో తుఫాను, రేడియోలో బాత్యా.
ఏ పేరుతో పిలిచినా రేకులు పట్టుకుపోతుంది.

బిచిత్ర మహారాణా గేదె కొమ్ముని సెగ మీద వంచి
కొంగని చేస్తాడు, రొయ్యని చేస్తాడు,
ఎక్కువగా దువ్వెనలు చేస్తాడు.
నేను ఫొటో తీసి అమ్ముతాను.
ఒక ఫోను, ఒక ప్రింటరు, మంచం కింద అట్టపెట్టెలు,
అంతే నా కొట్టు.
దించడానికి షట్టరు లేదు కాబట్టి
తుఫాను రోజున కూడా తెరిచే ఉంటుంది.
అదే దాని రోగం.

ఇరవై మూడు ఆర్డర్లు.
నలభై ఎనిమిది గంటల్లో పంపాలంటూ
యాప్‌లో ముల్లు తిరుగుతోంది,
దానికి కిటికీ లేదు, వాన తెలీదు.
ఇన్వర్టరు కుయ్‌మని కుయ్‌మని
తెల్లారేసరికి గొంతు పోగొట్టుకుంది.

చిరునామాలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించేను.
బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు,
పార్సిలు మీద ఇంగ్లీషు.
నా చేతిరాత నాకే కొత్తగా ఉంది,
పదేళ్ళ తర్వాత చుట్టపు చూపుకొచ్చిన పిన్నిలాగ.
పదకొండు శాతం దగ్గర ఆపి
విమానం బొమ్మ నొక్కేను.
వీధిలో రేకులన్నీ ఎగురుతున్నాయి కదా,
ఇదీ ఎగరనీ.

బిచిత్ర పాక మీద కప్పు లేదు.
టార్పాలిను కింద కూచుని
బొగ్గుపొడీ తడిగుడ్డా పెట్టి రుద్దుతున్నాడు.
"మోటారు లేకుండానా?" అన్నాను.
"మోటారు మొన్న వచ్చింది, మా.
చెయ్యి ముందునుంచీ ఉంది."

రెండో రాత్రి మేడెక్కి చూస్తే
పాతపట్నం లైట్లు.
కూతవేటు దూరం, వేరే రాష్ట్రం.
గాలికి తెలీని సరిహద్దు
కరెంటుకి బాగా తెలుసు.

మూడో రోజు టవరు దగ్గర తవిటయ్య అన్నాడు:
"డీజిలుంటే నెట్టుంటాది.
లేదంటే నీ ఫోనూ నా సెప్పూ ఒకటే."
ఆటోవాళ్ళు రబ్బరు గొట్టం నోట పెట్టి
పీల్చి, ఉమ్మి, సీసాల్లోకి వంపేరు.
జీడిపప్పు అమ్మే సుభద్ర పాఢి ఒక సీసా,
నర్సింగు ఫారం కట్టాల్సిన గుంట అరసీసా,
సూరత్ మగ్గాల దగ్గరున్న తమ్ముడికి
'ఉన్నాం' అని చెప్పాల్సినామె
కిరసనాయిలు తెచ్చింది. పనికిరాదన్నారు.
అయినా పక్కకి జరిగి ఆమెకి చోటిచ్చేరు.

జనరేటరు దగ్గింది. నలభై నిమిషాలు.
'విక్రేత స్పందించడం లేదు.'
'విక్రేత స్పందించడం లేదు.'
పిక్కల దాకా బురదలో నిలబడి
స్పందించని విక్రేతని నేనే.
అకోలా నుంచి ఒకావిడ:
"నల్లది వద్దు. తెల్ల చారలున్నది మార్చగలరా?"

నవ్వొచ్చింది. గట్టిగానే వచ్చింది.
తవిటయ్య బెదిరి చూసేడు.
"మార్చగలం" అని కొట్టేను.

తుఫాను అని రాస్తే జాలి పడతారు,
జాలి రెండోసారి కొనదు.
మిగిలిన ఇరవై రెండుమందికీ ఒకటే వాక్యం:
'మీ దువ్వెన సిద్ధం. దారి ఇంకా కాలేదు.'
ఆరు శాతం.

బాల్‌పెన్ను రాత మీద కొవ్వొత్తి ముక్క రుద్దేను,
వాన నాకినా అక్షరం పోకుండా.
కొరియరు లింగరాజు సబర
గెడ్డ ఇవతల బండి ఒగ్గీసి
సంచీ నెత్తిన పెట్టుకుని దిగేడు, నడుంలోతు.
"పాతపట్నంలో లారీ దొరుకుతాది" అన్నాడు.
ఒక రోజు ఆలస్యం అనుకున్నాను. మూడు రోజులైంది.
నలుగురు రద్దు చేసేరు. ఒకడు తిట్టేడు.

ఐదో రాత్రి, రెండూ నలభై.
ఫ్యాను ముందు లేచింది. తర్వాత దోమలు.
ఆ వెనక, ఎవరూ చెప్పకుండానే,
ప్రింటరు గొంతు సవరించుకుని
కొరికి ఒగ్గేసిన లేబుల్లో మిగతా సగం కక్కింది:
వీధి లేదు, పేరు లేదు,
ఒక పిన్‌కోడూ, కింద
'జాగ్రత్త, పగిలే వస్తువు.'

ఆ పార్సిలు ఎప్పుడో గెడ్డ దాటింది.
వెచ్చగా ఉన్న కాగితం చేతిలో పట్టుకుని
దేనికి అంటించాలో తెలీక
కాసేపు అలాగే కూచున్నాను.