ఎప్పటికీ, ఎప్పటికైనా

నాచారంలో మూడో అంతస్తు. ఏసీ పనిచెయ్యదు.
బల్ల మీద నాలుగు భాషలు నిలబెట్టి
సంతలో ఎడ్లకు చూసినట్టు పళ్లు పట్టి చూస్తున్నాం.

మల్లాపూర్ ట్యాంకు కింద పదిహేడు వీధుల వాల్వులు
ఇకమీదట రేడియోలో మాట్లాడుకోవాలి.
"తిప్పు" అని ఒకటి, "తిప్పాను" అని ఇంకొకటి.
రెండే మాటలు.
రెండు మాటలు ఏ భాషలో రాయాలో తేల్చడానికి నాలుగు నెలలు.

ఒకటి బొమ్మల భాష. గుండ్రాలు, బాణాలు.
"ప్లంబర్‌కి చూపించినా తెలుస్తుంది" అంది నస్రీన్.
ఒకటి బీజగణితం. చుక్క జారితే అర్థం మూసీపాలు.
వెంకటాచారి గారు దాంట్లో ఒకప్పుడు
టెలిఫోన్ ఎక్స్ఛేంజీ మొత్తం రాశారట.
చదవగలిగినవాళ్లు ఇద్దరే, రెండో ఆయన రిటైరయ్యాడు.
ఇంకొకటి మనం రోజూ రాసే కోడ్‌లాగే ఉంటుంది,
అందుకే నాకు దాని మీద అనుమానం.
నాలుగోది కాలం గురించి మాట్లాడుతుంది.
దాంట్లో చిన్న పెట్టె గీస్తే ఎప్పటికీ.
వజ్రం గీస్తే ఎప్పటికైనా.

అక్కడ ఆగిపోయాను.
ఇన్నేళ్లు నోట్లో నానిన మాటలు,
తోకలో ఇంత తేడా ఉందని చూసుకోలేదు.
ఎప్పటికీ రెండు వీధులు ఒకేసారి తెరుచుకోవు.
ఎప్పటికైనా ప్రతి వీధికీ నీళ్లొస్తాయి.
మొదటిది భయం. రెండోది ఆశ.
రెండూ కలిపితే మా స్పెసిఫికేషను.

కుషాయిగూడ క్వార్టర్స్‌లో కరెంటు పోయిన రాత్రుళ్లు
తమ్ముడికి కథ చెప్పేవాణ్ణి. వాడు ఊ కొట్టాలి.
ఊ ఆగితే
వాడు నిద్రపోయాడో,
వాడి ఊ వానచప్పుడులో కొట్టుకుపోయిందో
చీకట్లో నాకెలా తెలుస్తుంది?
చెప్పిందే మళ్లీ చెప్పేవాణ్ణి.
"రాజు ఇందాకే చచ్చిపోయాడుగా" అనేవాడు ఒక్కోసారి.

ఇన్నాళ్లూ ఈ ప్రోటోకాల్ పేరు పెంటయ్య.
పాత లూనా, భుజాన ఆరడుగుల ఇనుప చావి.
మీటింగుకి పిలిస్తే తలుపు దగ్గరే నిలబడ్డాడు.
"తిప్పమని ఫోన్ చేస్తరు. తిప్పుత.
నేను తిప్పిన్నని చెప్పేలోపు సిగ్నల్ పోతది.
మల్ల చేస్తరు. కొత్త పోరడైతే మల్ల తిప్పుతడు.
తెరిచినదాన్ని మల్ల తిప్పితే ఏమైతది సార్?"

ఎవరూ రాసుకోలేదు. టీ వచ్చింది.

ఆ రాత్రి ఇంట్లో, వజ్రాల భాషలో, ఒక్కణ్ణే రాశాను.
యంత్రం లక్షల దారులు తొక్కి
రెండింటికి ఒక దారిలో ఆగి చూపించింది:
పదకొండు అడుగులు.
మాట వెళ్లింది, జవాబు తప్పిపోయింది, మాట మళ్లీ వెళ్లింది,
పదకొండో అడుగులో వాల్వు మూసుకుని
ట్యాంకు మాత్రం తెరిచే ఉందనుకుంటోంది.
పెంటయ్య నాలుగు ముక్కల్లో చెప్పిందే.

"తిప్పు" కొట్టేశాం. "తెరిచి ఉంచు" అని రాశాం,
ఎన్నిసార్లు విన్నా అదే అర్థం.
గోడకు నస్రీన్ బొమ్మలు, లోపల కాలం.
అలా ఒప్పుకున్నారు. వెంకటాచారి గారు సంతకం పెట్టి
పెన్ను మూత చాలాసేపు వెతుక్కున్నారు.

గురువారం తెల్లారి పదకొండో వీధికి వెళ్లాం, పరీక్షకి.
బిందెలు వరసలో ఉన్నాయి, మనుషులు ఇళ్లల్లో.
ఒకామె మాత్రం గడప మీద కూర్చుని ఉంది.
"నీళ్లెప్పుడొస్తయి?"
"వస్తయమ్మా" అన్నాడు పెంటయ్య.
నేనూ తలూపాను. నిరూపించాం కదా.

"వస్తయని నాకెరుకే.
ఏడింటికి నేను డ్యూటీకి పోవాలె.
గా లోపట్నా?"

వజ్రంలో ఆ గడియారం లేదు.