రెండు రంగుల గీతలు

ఎల్లుండి ఆట.
ఇవాళ గీతలు గీస్తున్నాను
పద్దెనిమిదేళ్ల తర్వాత, అదే బండితో.
దాని ముందు చక్రం ఇప్పటికీ ఎడమకే లాగుతుంది.
నలభై గజాల దగ్గర ఎప్పుడూ వంకరపోయేది,
ఇవాళా పోయింది.

బ్రైడన్ కాలేజీలో ఫుట్‌బాల్ ఆపేసిన రోజు
జిమ్ తలుపుకి ఒక్క కాగితం అంటించారు.
నవంబరు. ఒహాయో నది మీంచి వాన.
మధ్యాహ్నానికే సిరా కారిపోయింది.
చదవనివాళ్లు సాయంత్రం ప్రాక్టీసుకొచ్చి
బూట్లు కట్టుకుని కూర్చున్నారు.
చివరికి గడ్డి కోసేవాడి నోట విన్నారు ఆ మాట.

ఆ తర్వాత ఆ గదుల్లో పొయ్యిలో పిల్లి లేవలేదు.
బాయిలరు తుప్పుపట్టింది.
గోల్‌పోస్టు గొట్టంలో కందిరీగలు కాపురం పెట్టాయి.

మళ్లీ ఇప్పుడెందుకు అంటే
ఆట మీద ప్రేమ అని ప్రెసిడెంటు గారు మైకులో అన్నారు.
హాస్టల్లో నూటపది మంచాలు ఖాళీ అని
ఫీజుల కౌంటరు హెస్టర్ నా చెవిలో అంది.
రెండూ నిజాలే.
రెండోది కొంచెం బరువెక్కువ.

ఆలూ లేదు చూలూ లేదు,
పది కాలేజీలతో మ్యాచులు ఖాయం చేసేశారు.
ఫిబ్రవరిలో కోచ్ టిబ్స్ ఒక్కడే దిగాడు,
కారు డిక్కీలో ఎనిమిది బంతులు, మెడలో ఈల.
కొట్టు తాళం తీసి గర్వంగా చూపించాను:
డెబ్భై హెల్మెట్లు, ఏటా దుమ్ము దులిపి ఉంచినవి.
ఒకదాన్ని బొటనవేలితో నొక్కాడు.
లోపలి నురుగు మరమరాల్లా రాలింది.
"పదేళ్లు దాటినవాటికి పిల్లల తలలు అప్పగించలేం" అన్నాడు.
అన్నీ చెత్తబండి ఎక్కించాం.
ఒకదాని లోపల టేపు మీద పేరుంది, ప్రిచెట్ అని.
అది ఎక్కించలేదు.

ప్రిచెట్ ఇప్పుడు గ్యాస్ లారీ నడుపుతాడు.
ఆఖరి ఏడు ఆడకుండానే పట్టా పుచ్చుకున్నవాడు.
హెల్మెట్ ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి
"నీ దగ్గరే ఉంచు, మా ఆవిడ నవ్వుతుంది" అన్నాడు.
మర్నాడు తెల్లారకముందే వచ్చి పట్టుకుపోయాడు.

ఇక ఇమోజెన్, అమ్మాయిల సాకర్ కెప్టెన్.
ఇన్నేళ్లూ ఈ నేల వాళ్లది.
"మేం మూడుసార్లు లీగ్ గెలిచాం.
వేడినీళ్లు అడిగితే డబ్బుల్లేవన్నారు.
వాళ్లు ఒక్క ఆటా ఆడకముందే కొత్త బాయిలరు."
ఆమె నన్ను తిట్టలేదు, నాకు చెప్పింది, అంతే.
నా దగ్గర జవాబు లేదు, పసుపురంగు డబ్బా ఉంది.
వాళ్ల గీతలు చెరపనని మాటిచ్చాను.
అందుకే ఈ మైదానం ఇప్పుడు
ఇద్దరు పిల్లలు ఒకే పలక మీద లెక్కలు చేసినట్టుంటుంది.

ఆగస్టులో అరవైనాలుగు మంది వచ్చారు.
ఎండకీ వాంతులకీ ఇంటి మీద బెంగకీ పోను
నలభై ఒక్కరు మిగిలారు.
జార్జియా కుర్రాడు టవారిస్ నాలుగు రోజులు పెట్టె విప్పలేదు.
ఐదోరోజు నా దగ్గరికొచ్చి
బట్టల సబ్బు ఏ కొట్లో చవకని అడిగాడు.
వీడుంటాడని కోచ్‌కి చెప్పాను.

ఓడిపోతాం. అది అందరికీ తెలుసు.
ఎదుటి జట్టు సగం మందిని ఇంట్లో వదిలేసి వచ్చినా
మాకన్నా ఎక్కువే.
"పది గజాలు" అన్నాడు టిబ్స్ నిన్న, గేటు మూస్తూ.
"ఒక్కసారి, వరసగా పది గజాలు ముందుకి పోతే
ఈ శనివారానికి అది చాలు నాకు."

అందుకని ఇవాళ టేపు పట్టి కొలిచాను.
ముప్పై నుంచి నలభైకి, వంకర దగ్గర,
మూడంగుళాలు తక్కువొచ్చింది.

కాసేపు నిలబడ్డాను. ఎవరూ చూడటం లేదు.
మూడంగుళాలు మావాళ్లకి కలిసొస్తాయి.
అవతలివాళ్లకీ కలిసొస్తాయి, వాళ్లకి అవసరం లేకపోయినా.
గొట్టంలోంచి ఒక కందిరీగ బయటికొచ్చి
గాలి చూసి లోపలికిపోయింది.

మోకాళ్ల మీద కూర్చుని
తడి బ్రష్షుతో రుద్దుతున్నాను.
తెలుపు పోతోంది.
కింద పసుపు తగలకుండా చూసుకుంటున్నాను.