పాత నంబరు ఇవ్వరట

థండర్ బేలో నవంబరు గాలి
ఎవర్నీ అడక్కుండా తలుపు తోసుకుని షాపులోకొస్తుంది.
నేను మాత్రం అప్లికేషన్ పెట్టుకుని వచ్చాను.

పందొమ్మిదేళ్ళు ఈ హార్డ్‌వేర్ షాపులోనే
మేకులు తూచాను, తాళంచెవులు కోశాను.
ఏ వీధిలో ఏ వంటింటి గోడ ఏ పసుపో
డబ్బా చూడకుండా చెప్పేదాన్ని.
కాగితం మిల్లు గంటకి ఆరు డాలర్లు ఎక్కువిస్తానంటే వెళ్ళాను.
మిల్లు మూతపడింది.
ఉన్న కథ ఇంతే.
ఫారంలో దీనికి ఐదొందల అక్షరాల గడి ఇచ్చారు.

"ఇంతకుముందు మా దగ్గర పనిచేశారా?"
అవును అన్న చుక్క నొక్కాను.
పందొమ్మిదేళ్ళూ ఆ చుక్కలో సరిపోయాయి.
ఆ తర్వాత ఎనభై రెండు ప్రశ్నలు.
"నేను సాధారణంగా ఉల్లాసంగా ఉంటాను."
పూర్తిగా అంగీకరిస్తున్నాను, కొంత అంగీకరిస్తున్నాను, చెప్పలేను...
పక్కింటి ఒలేనా కిటికీలోంచి అరిచింది:
మధ్యవి ముట్టుకోకు ఐలీ,
మధ్యలో ఉన్నవాళ్ళని ఆ యంత్రం చెత్తలో వేస్తుంది.
అన్నిటికీ పూర్తిగా అంగీకరించాను.
పెళ్ళినాడు పాస్టరు అడిగినప్పుడు కూడా
అంత పూర్తిగా అంగీకరించలేదు.

"మీ గురించి చెప్పగల ముగ్గురు."
హాల్వర్సన్ గారు పోయి ఏడేళ్ళు.
రీటాకి ఇప్పుడు తన పేరే అందదు,
అయినా రాశాను, ఫోనెత్తితే సరదాగా మాట్లాడుతుంది.
మూడో గడి చాలాసేపు ఖాళీగా ఉంది.
చివరికి బ్రేడెన్ పేరు రాశాను.

ఇంటర్వ్యూ చేసింది బ్రేడెనే.
వెనక గదిలో, మైక్రోవేవ్ పక్కన,
టై కట్టుకుని, కాగితం చూసి చదువుతూ.
పదహారేళ్ళప్పుడు వీడికి ఇక్కడ ఓనమాలు దిద్దించింది నేనే.
"పనిలో మీరు ఎదుర్కొన్న కష్టమైన సందర్భం ఒకటి?"
ఉంది. ఒక శనివారం
చర్చి గోడలకని పద్నాలుగు డబ్బాల రంగు తప్పుగా కలిపి
ఏడుస్తూ మెట్ల కింద దాక్కున్న కుర్రాడు.
కలిపింది నేనేనని చెప్పి జీతంలోంచి కట్టాను.
వాడు పెన్ను పట్టుకుని నా నోటి వంక చూస్తున్నాడు.
మంచు పారలు అయిపోయిన రోజు గురించి చెప్పాను.
అది రాసుకున్నాడు.

అప్పుడు స్క్రీను మెల్లగా నా వైపు తిప్పాడు.
పాత ఫైలు.
తిరిగి తీసుకోవచ్చునా: కాదు.
కారణం: పద్నాలుగు రోజుల నోటీసుకి తొమ్మిదే ఇచ్చారు.
"టొరంటోకి ఫోన్ చేశాను, మార్పించాను," అన్నాడు,
ఏదో దొంగతనం ఒప్పుకున్నట్టు.
జీతం మాత్రం మొదటి మెట్టు.
జనవరి దాకా. వారానికి ఇరవై గంటలు, తగ్గినా తగ్గొచ్చు.
"అనుభవానికి ఇందులో గడి లేదు, ఐలీ."
మిసెస్ కోస్కెలా అనే పిలిచేవాడు.

మొదటి రోజు గడియారం దగ్గర
వేళ్ళు వాటంతటవే పాత నంబరు కొట్టాయి.
సున్నా నాలుగు ఒకటి ఏడు.
అలాంటి ఉద్యోగి లేరు, అంది.
ఆ నంబరు మళ్ళీ ఎవరికీ ఇవ్వరట.
అది గౌరవమో ఇంకేదో అడగలేదు.

నాకు పని నేర్పడానికి షాంటెల్ అనే పిల్లని పెట్టారు,
చెవికి నాలుగు రింగులు, వయసు పంతొమ్మిది.
రంగులు కుదిపే యంత్రం ముందు నిలబెట్టి
ఎడమ పక్క అతికించిన ప్లాస్టరు చూపించింది.
ఎడమ గొళ్ళెం బిగుస్తుంది, కొట్టకు, బతిమాలు.
నా రాతే. సిరా వెలిసిపోతే
ఎవరో అక్షరాల మీదే మళ్ళీ దిద్దారు,
ఒకసారి నీలంతో, ఒకసారి నలుపుతో.
"ఎవరు రాశారో తెలీదుగానీ," అంది షాంటెల్,
"ఇది ఒక్కటీ గుర్తుపెట్టుకుంటే చాలు."

సరేనన్నాను.
గొళ్ళెం బిగిసింది.
కౌంటరు దగ్గర ఒకాయన అరంగుళం మరలు అడుగుతున్నాడు.
ఏడో వరస, కింది అర, అనబోయాను.
అక్కడిప్పుడు కొవ్వొత్తులున్నాయి.