తూకం చీటీల వెనక

యుగంధరా,
నోటితో చెప్తే కరెంటు పోయేదాకా పడుతుంది నాకు.
అందుకే మండీ తూకం చీటీల వెనక రాసిస్తాండా.
ముందువైపు చూడొద్దు, అది యాదమరి వాళ్ళ బెల్లం లెక్క.

మొదట పేరు.
అమ్మానాయనా పెట్టింది కాదు, నువ్వు పెట్టుకునేది.
కుడిపక్క షిఫ్టు దగ్గర, ప్రశ్న గుర్తు కింద
ఏటవాలు గీత ఒకటి ఒరిగి ఉంటుంది,
గోడకు ఆనించిన చేతికర్ర మాదిరి.
అది కొట్టి, నిక్ అని కొట్టి, రవంత ఎడం ఇచ్చి, పేరు.
కర్ర ముందుంటే ఆజ్ఞ. మరిచిపోతే అది వట్టి మాట,
నువ్వు దాచుకున్నది గది గదంతా చదువుతుంది.
నా మొదటి వారం అట్నే పోయింది.

నేనక్కడ అచ్చుబెల్లం.
కోదండపాణి అని చెప్పేదానికి
'కో' దగ్గరే బస్సు ఆగిపోతుంది నాకు.
మిగిలింది ఎదుటోళ్ళే చెప్పేస్తారు, పాపం, సాయంగా.
కోటయ్యనా? కోనేటయ్యనా?
ఊ అని తలూపి
కోటయ్యగా దిగిపోయిన రోజులుండాయి.

తర్వాత జాయిన్.
పులిజూదం పటం విరిగి మిగిలిన ముక్కలాంటి గుర్తు,
దాని వెనకే అతుక్కొని చిత్తూరు.
తలుపు చప్పుడు కాదు, అయినా వచ్చినావని అందరికీ తెలుస్తుంది.
పేరు ముందర మురుకు మాదిరి చుట్టుకున్న ఎ ఉంటే
వాడు గది పెద్ద. వాడి దగ్గర ఎచ్చులొద్దు, గెంటేస్తాడు.
గెంటితే ఏడవొద్దు, టీ తాగొచ్చి మళ్ళీ జాయిన్ కొట్టు.
ఊరూ వయసూ అడిగేవాళ్ళకు ఊరు చాలు.
పీడించేవాడికి ఇగ్నోర్.
వాడు అరస్తానే ఉంటాడు,
నీకు మాత్రం వాన వెలిసినట్టుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. రెండుసార్లు చదువు.
ఎంటర్ కొట్టేదాకా ఏదీ పోదు.
తప్పు కొట్టి, చెరిపి, మళ్ళీ కొట్టి
ఒక్క అక్షరం మీద అరగంట కూర్చున్నా
అవతలికి చేరేది నున్నటి వాక్యం.
ఇరవయ్యేడేండ్లు నోట్లో నలిగినవి
ఆ రాత్రి గంటలో పద్నాలుగు పోయినాయి.
లెక్కబెట్టినా. గుమాస్తాను కదా.

'మీ' అని ఇంకో ఆజ్ఞ.
మనకది మీరు, అక్కడది నేను.
దాంతో మాట్లాడరు, చేస్తారు.
అచ్చుబెల్లం నవ్వుతున్నాడు అని పడుతుంది,
నిన్ను పక్కనుంచి ఎవరో చూసి చెప్పినట్టు.

చెవిలో మాటకు వేరే ఆజ్ఞ ఉంది.
గోరుచిక్కుడు అనే పేరు, పలమనేరు నుంచి,
ఒకరోజు చెవిలో అడిగింది, ఫోన్ నంబరుందా అని.
అవే కొట్టి, బండి దింపుతున్నా అని కారణం పెట్టి
మూడ్రోజులు గమ్మున కూర్చున్నా.
అవే అంటే అంతే,
ఈడే ఉండి లేకుండా పోవడం.

నాలుగో రోజు ఈ సెంటర్ నంబరే ఇచ్చినా.
నెట్టు తెగితేనే మోగే ఫోను కదా ఇది.
దస్తగిరి భాయ్ అందర్నీ లేపి, లైను తెంపినాడు.
మోగింది. ఎత్తినా.
'హ' దగ్గర ఆగినా.
భాయ్ ముఖం తిప్పుకొని
దుమ్ము లేని మానిటర్ తుడుస్తాండాడు.
అవతల ఎవరూ నా మాట పూర్తి చేయలేదు.
చాలాసేపటికి,
'లైను నిదానంగా ఉందా?' అనింది.
'పర్లేదు, రానీ. నేనుంటా.'

ఇంక క్విట్.
పోయేటప్పుడు చెప్పి పో.
చెప్పకుండా కరెంటు పోతే
నీ పేరు కొంచెంసేపు అట్నే ఉంటుంది గదిలో,
జనం దాన్ని పలకరిస్తానే ఉంటారు.

మిగతా ఆజ్ఞలు రేపు. చీటీలైపోయినాయి.
చదివినాక ఇవి భద్రంగా తిరిగియ్యి,
తూకంలో తేడా వస్తే సేటు నన్ను పిలుస్తాడు,
అప్పుడు నోటితో చెప్పాల్సొస్తుంది.