వలయానికి తలుపు

పదకొండేళ్ళు గ్యారేజీలోనే.
గుడి అనను, ఏ గుడికీ ఇంత పెట్రోలు వాసన ఉండదు.
గడ్డి కోసే యంత్రానికీ పెయింటు డబ్బాలకీ మధ్య
సుద్దముక్కతో గీసిన గుండ్రం.
పిలిచేదాన్నీ నేనే, పలికేదాన్నీ నేనే.
రొట్టె విరిచి
కుడిచేత్తో ఇచ్చి
ఎడంచేత్తో పుచ్చుకునేదాన్ని.

పుస్తకాలన్నీ భూమికి అటువైపున రాసినవి.
అగ్ని దక్షిణాన అన్నాయి.
సరేనని దక్షిణపు గోడకి ఎర్ర కొవ్వొత్తి పెట్టాను.
మా టాస్మేనియాకి దక్షిణాన ఏముంది, మంచు తప్ప?
కిటికీ సందులోంచి అంటార్కిటికా ఊదేది,
కొవ్వొత్తి ఆరేది,
తప్పు నాదే అనుకునేదాన్ని.
పోయినవాళ్ళ రాత్రి అక్టోబరు చివర అన్నాయి.
బయట ఆపిల్ తోటలు విరగబూసి ఉంటే
లోపల తలుపేసుకుని
చావుని తల్చుకునేదాన్ని.

తోడు కావాలంటే ఎవర్నని అడగను?
ఆస్పత్రి లాండ్రీలో దుప్పటి రెండో కొస పట్టుకున్న గ్వెనిత్‌ని
"ఏవమ్మా, నువ్వు గానీ మంత్రగత్తెవా" అనా?

హోబార్ట్‌లో రంగురాళ్ళ దుకాణంవాళ్ళు రమ్మన్నారు:
పున్నమి శక్తి, మనిషికి తొంభై డాలర్లు, భోజనం అదనం.
ఇంకోచోట ఒకాయన
నన్ను ఎగాదిగా చూసి
దీక్షకి ఒంటరిగా రావాలన్నాడు.
కారు దిగకుండానే వెనక్కి తిప్పేశాను.
ఇంటికొచ్చి సుద్దముక్క వెతుక్కున్నాను.

శనివారం సంతలో
నారుమొక్కలమ్మే ఒటిలీ బ్రాండ్రెత్‌ని
మాచిపత్రి ఉందా అని అడిగాను.
తలెత్తలేదు. "నిద్రకా, నెలసరికా, మూడోదానికా?"
గొంతు తడారింది.
"మూడోదానికి."
మట్టిచేతులు ఆప్రాన్‌కి తుడుచుకుని
గుడ్ల అట్ట చింపి పెన్సిలుతో రాసిచ్చింది:
ఏప్రిల్ ముప్పై. స్కౌట్ల హాలు. కుర్చీ తెచ్చుకో.

అంతే, ఆ చివరి మాటకే
దారంతా వణుకు.
ఎవరో నాకు చోటు లెక్కపెట్టారు.

ఆరుగురు.
పడవ మీద తాళ్ళు విసిరి విసిరి భుజం పోయిన డెంజిల్,
పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే ఇమోజెన్,
పేర్లు అప్పుడే మర్చిపోయిన ఇంకొందరు.
మొదటి అరగంట దేవత ఊసే లేదు:
హాలు అద్దె ఇరవై రెండు డాలర్లు ఎవరివ్వాలి,
పోయినసారి నేలమీద మైనం కార్చిందెవరు,
స్కౌట్ల మాస్టరు ఎంత గొణిగాడు.
నేను కుర్చీ అంచున కూర్చుని
ఈ పోట్లాటని
ఆకలిగా విన్నాను.

తర్వాత అలవాటుగా
ఎర్ర కొవ్వొత్తి దక్షిణాన పెట్టబోయాను.
ఎవరూ నవ్వలేదు.
ఒటిలీ దాన్ని తీసి ఉత్తరం వైపు నడిచింది.
"మన సూర్యుడు ఇటు తిరుగుతాడు, అమ్మాయ్."
ఆ తర్వాత అది ఆరిందో వెలిగిందో
చూడడమే మర్చిపోయాను.

బయట తోటలు కోత ముగించి ఆకు రాలుస్తున్నాయి.
చావుకి సరైన కాలం.
డెంజిల్ తన తమ్ముడి పేరు చెప్పాడు.
ఇమోజెన్ ఒక పిల్లి పేరు చెప్పి ఏడ్చింది.
నా వంతు వస్తే
నాన్న పేరు చెప్పాను.
ఆరు గొంతులు దాన్ని తిరిగి పలికాయి.
వేరే నోట ఆ పేరు విని
పంతొమ్మిదేళ్ళయింది.

అప్పుడు ఎవరో తలుపు తట్టారు.
"రోవన్. వాడి బస్సెప్పుడూ ఆలస్యమే" అంది ఒటిలీ,
నల్లపిడి కత్తి నా చేతికిచ్చి,
"వలయానికి తలుపు కోయి."

గీయడం తెలుసు. చెరపడం తెలుసు.
తెరవడం
ఎక్కడో చదివి పేజీ తిప్పేశాను.
నా గుండ్రానికి ఎవరొస్తారని?

నేల నుంచి మొదలుపెట్టి
మనిషెత్తు దాకా గాలిని కోసి
మళ్ళీ నేలకి దించాను.
తల వంచుకుని లోపలికొచ్చాడు
తడిసిన డ్రైవరు యూనిఫారంలో,
డీజిలు వాసనతో.

కోసినచోట మళ్ళీ మూయాలట.
ఎవరో గుర్తుచేసేదాకా
అలాగే నిలబడ్డాను,
కత్తి పట్టుకుని,
తలుపు బార్లా తీసిపెట్టి.